మా అత్త పంపిన శుభోదయం

నాన్న పరువు, అత్త మనసు, ఇంటిల్లిపాది మొబైల్ డేటా. ఈ మూడింటినీ ఒంటిచేత్తో ముంచడం మామూలు మనిషి వల్ల కాదు. నా వల్ల అయింది. ఎలాగో చెప్తాను, నవ్వుకోండి. నేనేమీ అనుకోను. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు నేను గద్వాలలో డిగ్రీ చదువుతున్నాను. నాన్న మగ్గం నేస్తాడు, అమ్మ నూలు కండెలు చుడుతుంది. నేను ఇంట్లో ఫోన్ల శాఖ మంత్రిని. ఆ పదవి నాకెవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. సాయంత్రానికే డేటా అయిపోతోందని అందరి ఫోన్లూ లాక్కుని, ఫోటోలు వాటంతటవి దిగకుండా ఆపేశాను. ఫోటోలనూ నంబర్లనూ ఇంటర్నెట్‌లో దాచిపెట్టే బ్యాకప్‌ను కూడా ఆపేశాను. "ఇది మనకు తెల్వకుండ డేటా తింటది నాన్నా" అంటే, పాపం నాన్న, దొంగను పట్టిచ్చిన కొడుకును చూసినట్టు మురిసిపోయాడు.

డేటా విషయంలో నా అసలు శత్రువు వనపర్తి అత్త, అంటే నాన్నకు అక్క. పొద్దున లేవగానే ఏదో ఒక ఫోటో మీద దీపాలు, పూలు, చిలకలు అతికించి, కింద "శుభోదయం" అని రాసి మా కుటుంబం గ్రూపులో పెట్టేది. ఒకరోజు ఫోన్ చేసి పాఠం చెప్పాను.

"అత్తా, గీ శుభోదయాలతోని అందరి డేటా ఖరాబైతుంది. ఫోన్ల చెత్త ఉంచుకోవద్దు, ఎప్పటిదప్పుడు తీసెయ్యాలె."

"నా శుభోదయం చెత్తనా బిడ్డా?"

"గట్ల కాదత్తా" అంటూనే ఆమెను గ్రూపులోంచి తీసేశాను. మంత్రి అన్నాక ఆ మాత్రం అధికారం చూపించకపోతే ఎలా?

ఆ రోజుల్లోనే కోడేరు నుంచి ఒకాయన వచ్చాడు. కూతురి పెళ్లి. వాళ్లమ్మ పెళ్లినాటి గద్వాల చీర కొంగును ఫోటో తీసుకొచ్చి, నాన్న ఫోన్‌లోకి పంపాడు. "మనుమరాలికి అచ్చం గిసొంటి కొంగే కావాల్నని మా అమ్మ పట్టుబట్టింది. పెండ్లికి ముందుగాల అమ్మనే తోల్కొని వస్త" అన్నాడు. నాన్న మాటిచ్చాడు. అంచు మామూలుదే, అసలు పనంతా కొంగులోనే. చీర చాలావరకు నేసి, ఇక కొంగు మొదలుపెట్టాలి అనుకునే సమయానికి నాన్న ఫోన్‌కు కొత్త అప్‌డేట్ వచ్చింది. వేసుకోమన్నదీ నేనే.

అంతే, ఫోన్ ముసలిదైపోయింది. నొక్కింది నొక్కినట్టే ఉండేది, ఎప్పటికో తెరుచుకునేది.

"అరేయ్ శీనూ, ఫోన్ ఎత్తాల్నంటే పైకి గుంజాల్నా, పక్కకు గుంజాల్నా? నేను గుంజేలోపట అవతలోడు పెట్టేస్తుండు. పాతదే మంచిగుండె."

"దానికేంది నాన్నా, పాతదే ఎక్కిస్త."

ఎన్నడైనా ఎక్కించావా అని మీరడగొచ్చు. లేదు. ఒక వీడియో చూశాను. అదీ సగమే, డేటా ఆదా చేద్దామని. పాత సాఫ్ట్‌వేర్ ఫైలు మాత్రం ఏనుగంత ఉంది. అమ్మ ఫోన్ డేటా తాగింది, చెల్లెలి ఫోన్ డేటా తాగింది, నా డేటా కూడా తాగి, పక్కింటి పిన్నిని బతిమాలి హాట్‌స్పాట్ పెట్టించాక గానీ దిగలేదు. అమ్మ సీరియల్ ఆ పూట బంద్.

దోస్తు ల్యాప్‌టాప్ తెచ్చి నాన్న ఫోన్‌కు తగిలించాను. ఎర్ర అక్షరాలతో ఇంగ్లీషులో ఏదో పెద్ద హెచ్చరిక వచ్చింది. మంత్రులు చదివి సంతకం పెడతారా? ఎస్ నొక్కేశాను.

ఫోన్ ఆరిపోయి, చాలాసేపటికి మళ్లీ వెలిగింది. తెర నిండా చైనా అక్షరాలు. నేను దించింది ఏ దేశపు ఫైలో ఆ దేవుడికే తెలియాలి. నాన్న ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూసి, రాయచూరు ఆడపడుచైన మా అమ్మకు అందించాడు.

"గిది కన్నడం లెక్కుంది. మీ పుట్టింటి భాషనే గదా, చదువు."

"కన్నడం నాకు తెల్వదా? కన్నడం గుండ్రంగ ఉంటది. గివేందో పందిరి కట్టెలున్నట్టున్నయి" అంది అమ్మ.

తోచిన చోటల్లా నొక్కి ఎలాగో ఇంగ్లీషులోకి తెచ్చాను. నాన్న సంబరంగా తీసుకుని, ఫోటోలు తెరిచి, పైకీ కిందికీ వెతికాడు.

"కోడేరాయన పంపిన కొంగు యాడుందిరా?"

లేదు. ఆయన నంబరూ లేదు. బ్యాకప్ ఉంటుందిలే అనుకునేలోగా, దాన్ని ఆపిన మహానుభావుడు ఎవరో గుర్తొచ్చింది. నాన్న తిట్టి ఉంటే బాగుండేది. వెళ్లి మగ్గం ముందు చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. "మాట ఇచ్చిన గదరా" అని ఒక్కటే అన్నాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు అమ్మ అంది, "ఆనాడు ఆ ఫోటో మీ అక్కకు పంపితివి గద? సూడక్కా, ఎంత మంచిగుందో అని!"

నాన్న ముఖం వెలిగింది. నా ముఖం ఆరిపోయింది. అత్తకు ఫోన్ చేయాల్సింది నేనే కదా.

"అత్తా, నేను శీనుని."

"ఏ శీను? నన్ను గ్రూపుల నుంచి ఎల్లగొట్టిన శీనా?"

"తప్పయిందత్తా. నాన్న పంపిన చీర కొంగు ఫోటో ఉందా?"

"తీసేసిన. ఫోన్ల చెత్త ఉంచొద్దని నువ్వే చెప్తివి గద బిడ్డా."

నేను గోడకు జారబడ్డాను.

"కని, తీసేసే ముందుగాల దాంతోని ఒక శుభోదయం చేసిన. మా ఆడోళ్ల గ్రూపుల అందరు మస్తుందన్నరు. గది ఉంది, కావాల్నా?"

"కావాలె అత్తా! జర జల్ది పంపు!"

"ముందుగాల నన్ను గ్రూపుల పెట్టు."

పెట్టాను. వచ్చింది. రెండు నెమళ్లు, మధ్యలో ఎర్ర గులాబి, కింద శుభోదయం. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాడు.

"నెమళ్ల నడుమ గీ పువ్వు ఉండెనా? ఆనాడు అద్దాలు లేకుండ సూసిన, యాదికొస్తలేదు. కొంగుల గులాబి నేనైతే ఎన్నడూ నెయ్యలే."

"ఉండె నాన్నా. నేను సూసిన గద."

నేను చూడలేదు. అత్తను ఒక్క మాట అడిగితే తేలిపోయేది. కానీ మళ్లీ చేస్తే మళ్లీ అక్షింతలు. నాన్న ఆ శుభోదయాన్నే గళ్ల కాగితం మీద గీయించి, మగ్గానికెక్కించే డిజైన్ అట్టలు కొట్టించి, నెమళ్ల మధ్య గులాబితో సహా కొంగు నేసేశాడు.

కోడేరాయన అన్నట్టే వాళ్లమ్మను తీసుకొచ్చాడు. ఆ అవ్వ సంచిలోంచి తన పాత చీర తీసి, కొత్తదాని పక్కన పరిచింది. రెండు నెమళ్లు ఉన్నాయి. వాటి మధ్య గులాబి లేదు. పిడికిలంత చిల్లుంది.

నాన్న నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

అవ్వ కొత్త కొంగు మీది పువ్వును చేత్తో నిమిరింది. "నా పెండ్లినాడే దీపం తాకి గీడ కాలింది. ఏముండెనో నాకే యాదికి లేదు. ఇన్నేండ్ల సంది పరేషాన్. గీ పువ్వేనేమో! నీకెట్ల తెల్సింది నాయినా?"

నాన్న గొంతు సవరించుకుని, చాలా గంభీరంగా అన్నాడు. "మా అక్కకు తెల్సమ్మా."

అవ్వ వెళ్లాక అత్తకు ఫోన్ చేసి ఆ గులాబి కథేమిటని అడిగాను. "పొద్దుగాల పొద్దుగాల జనానికి చిల్లు సూపిస్తరా ఎవరన్న? గందుకే పువ్వు పెట్టిన" అంది.

కాబట్టి సకల ఫోన్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ముందుకు పోయిన ఏ ఫోన్‌నూ వెనక్కి తేను. ఎర్ర అక్షరాలు చదవకుండా ఎస్ నొక్కను. డేటా చివరి చుక్క వరకు అయిపోయినా సరే, మా అత్త శుభోదయం దించుకోకుండా కాఫీ ముట్టను. ఇవాళ్టిదీ దించుకున్నాను. రెండు చిలకలు, మధ్యలో గులాబి. దాని కింద ఏ చిల్లుందో మాత్రం అడగలేదు.