గుట్ట సందుకు అడ్డం వేసిన కంప

ముందే చెప్పేస్తున్నాను: ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పడం నాకు చేతకాదు. నా నోట పడితే కుందేలు జింకవుతుంది, జింక ఊరుకోకుండా ఏనుగు కావాలని చూస్తుంది. అరణ్య ఇలాఖాలో ఉన్నన్నాళ్లూ రిపోర్టుల్లో అణిగిమణిగి నిజమే రాశాను. స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాక ఆ కసి తీర్చుకుంటున్నాను. కనుక చదివేవాళ్లు నేను చెప్పే కొలతల్లో కాస్త కోత వేసుకుని చదవండి.

తిరుమణి చుట్టూ సోలార్ పలకలు పరిచి, నేలంతా నీళ్లు నిండిన చెరువులా మెరవడం మొదలైన కొన్నేళ్లకు నన్ను కర్ణాటకలోని పావగడకు ఉప వలయ అరణ్యాధికారిగా వేశారు. పేరు పొడుగే గానీ పదవి నడిమి రకం. కింద గార్డులు, వాచర్లు, పైన రేంజరు. పైనుంచి వచ్చే తిట్లూ కిందినుంచి వచ్చే అర్జీలూ ఢీకొనే చోట కుర్చీ వేసి కూర్చోబెడతారు. నేను చేరిన ఏడాది శివరాత్రి వెళ్లిన వారానికి ఒక కొత్త పని అప్పజెప్పారు. పలకలు చూడ్డానికి వచ్చే జనం ఒక ఫోటో దిగి, ఎండకు జడిసి వచ్చిన బస్సులోనే వెళ్లిపోతున్నారట. వాళ్లను ఒక పూటైనా నిలపడానికి మంగళవాడ వైపు గుట్టల్లో చారణ దారి వేయాలి. చారణ అంటే కన్నడంలో కొండనడక.

దారి వేయడమంటే గడ్డపార పట్టి తవ్వడం కాదు. గొర్లూ మేకలూ తొక్కి వేసిన పాత బాటలను ఒకదానికొకటి కలపాలి. మలుపు మలుపుకూ బండమీద తెల్లరంగుతో బాణం గుర్తు వేయాలి. నీడ ఎక్కడుంది, నీళ్లెక్కడున్నాయి, మనిషి కాలు ఎక్కడ జారుతుంది అన్నీ రాసుకోవాలి. చివర ప్రయోగ నడక. గుంపులో అందరికంటే మెల్లగా నడిచే మనిషి ఎవరో చూసి, ఆ మనిషి నడకతోనే మొత్తం దారి నడవాలి. అది సరిపోతేనే రేంజరు సంతకం పెడతాడు, దారి తెరుస్తారు. మా గుంపులో ఆ మెల్లటి మనిషిని నేనే. నత్తలు నన్ను దాటిపోతూ పక్కకు జరగమని గదమాయించేవి.

దారి మాత్రం బాగా కుదిరింది. సోలార్ కంచె పక్కన మొదలై, బీడుపడ్డ శెనక్కాయ చేలల్లోంచి, నెర్రెలిచ్చిన కుంట అడుగు మీదుగా, రేగిపొదల అడవి దాటి, బోడిబండల గుట్ట ఎక్కుతుంది. గుట్ట నడుమ రెండు బండల మధ్య ఒక సందు. ఎద్దులబండి పట్టేంత వెడల్పు, పట్టపగలు కూడా లోపల చీకటి. ఈ చివర దూరితే ఆ చివర ఒక చదును బండ మీద తేలతాం. భోజనం అక్కడ అని నిర్ణయించాం.

నాకు తోడు వాచరు నరసింహప్ప. వాళ్లది ఒకప్పుడు గొర్ల మంద ఉన్న ఇల్లు. అతనూ, భార్య లక్ష్మక్కా చాలాకాలం పలకలు కడిగే గుంపులో పనిచేశారు. ప్రయోగ నడక రోజు వంట లక్ష్మక్కకే ఒప్పజెప్పాం. మేం చేరేసరికి విస్తర్లు సిద్ధంగా ఉండాలని ఆమె సంగటిగంప నెత్తిన పెట్టుకుని ముందే వెళ్లిపోయింది. ఆమె ఫలానా మలుపు దాటి ఉంటుంది, ఫలానా బండెక్కి ఉంటుంది అని దారిపొడుగునా నరసింహప్ప చెబుతూనే ఉన్నాడు. నాకు ఆకలి పెరుగుతూనే ఉంది.

సందు ముందుకు చేరేసరికి నరసింహప్ప పెద్దమ్మ హనుమక్క అక్కడ మేకలతో నిలబడి ఉంది. మమ్మల్ని చూడగానే కర్రతో నేల పొడిచింది.

"ఏమిరా నర్సింహా, ఈడ నేనేసిన కంప యాడ?"

"నువ్వేసిందా పెద్దమ్మా? పాత చేనికంప అనుకోని పొద్దున్నే తీసి పారేస్తిని. లచ్చుమికి చీర తగులుకుంటాదని."

"చేను యాడుండాదిరా నీ మొగానికి? చేన్లన్నీ సోలారుకిచ్చి కూకున్యారు కదా! నిన్న మాపిటేల పిల్లల ఎలుగొడ్డు ఆ సందులో దూరింది. చూసి పచ్చికంప నరికి అడ్డమేస్తి."

ఇక్కడ ఒక మాట వివరించాలి. ఆ పల్లెల్లో బాటకు అడ్డంగా ముళ్లకంప ఉంటే పోవద్దని అర్థం. అవతల విత్తనం వేసిన చేనైనా కావచ్చు, మృగమైనా కావచ్చు, రెండింటికీ ఒకటే కంప. చేలు పోయాక ఇక మిగిలిన కంపలన్నీ చెత్తేనని నరసింహప్ప అనుకున్నాడు. పైగా దారి సరిచూడ్డానికి తెల్లవారీ తెల్లవారకముందే వచ్చి, మసక వెలుతురులో కర్రతో ఎత్తి పారేశాడు. ఆకు పచ్చగా ఉందో ఎండిందో చూడలేదు.

"లచ్చుమి లోపలికి పోయింది," అన్నాడు.

హనుమక్క మేకలు కూడా మేత ఆపేశాయి. పిల్లలున్న ఎలుగు ఊరికే ఉరిమి వదిలిపెట్టదు. మనిషి ముఖం మీదికే వస్తుంది. నేను ఉద్యోగంలో చూసిన గాయాల్లో పులివీ చిరుతవీ లేవు, అన్నీ దీనివే.

ఆమె సందు దాటిందా, లోపలే ఉందా? కేకేస్తే తెలుస్తుంది. కానీ ఈ చివర కేకేస్తే ఎలుగు ఆ చివరకు పరుగెడుతుంది. ఆ చివర ఆమె ఉంటే? కేకేయకపోతే, లోపల ఉంటే?

నేను అధికారిని కాబట్టి ఒక తెలివైన పని చేశాను. లక్ష్మక్కకు ఫోన్ చేశాను. ఫోన్ నరసింహప్ప జేబులో మోగింది. పొద్దున దారిలో పడిపోతుందని ఆమే అతనికి ఇచ్చిందట. ఆమె రింగ్‌టోనుగా పెట్టుకున్న భజన పాట సందులోకి దూసుకెళ్లి, రెండు బండలకూ తగిలి, పదింతలై తిరిగొచ్చింది. నరసింహప్ప దాన్ని నొక్కి చంపేలోపు లోపలినుంచి ఇంకొక చప్పుడు వచ్చింది. లారీ బ్రేకు గాలి వదిలినట్టు ఒక్క బుస. తర్వాత గోళ్లు బండమీద గీసుకున్న చప్పుడు. అది అవతలి వైపుకు కదులుతోంది.

"పైకి," అన్నాడు నరసింహప్ప. పక్క బండ నున్నటి గుండు, మామూలు రోజైతే నేను దాన్ని ఫోటోలో కూడా ఎక్కను. ఆ రోజు బల్లిలా పాకాను. అరచేతుల తోలు అక్కడే వదిలేశాను. పైనుంచి చూస్తే దూరాన సోలార్ పలకల నీలం, దగ్గరగా కింద చదును బండ. లక్ష్మక్క ఉంది. సందుకు వీపు పెట్టి, విస్తరి మీద సంగటి ముద్ద వేస్తోంది. గాలి హోరులో ఆమెకు ఏదీ వినబడినట్టు లేదు. ఆమె వెనక, సందు నోట్లో నల్లగా ఏదో ఊగుతోంది. దాని వీపు మీద రెండు చిన్న నల్ల ముద్దలు.

నరసింహప్ప కేకేయలేదు. నా భుజం సంచిలోని స్టీలు టిఫిన్ డబ్బా మూత లాక్కున్నాడు. ఎండను దాంట్లో పట్టి, ఆ వెలుగు బిళ్లను లక్ష్మక్క ముందున్న రాతి మీద వేశాడు. బిళ్ల ఒకచోట నిలవలేదు. నేను సాయానికి అతని మణికట్టు పట్టుకున్నాను, బిళ్ల ఇంకా దూరం జారింది. రెండోచేత్తో నన్ను తోసేసి, వెలుగును ఎడమకు రెండుసార్లు ఊడ్చాడు.

పలకలు కడిగే చోట నీళ్ల ట్యాంకరు మోత చెవులు పగలగొడుతుంది. కేకలు వినపడవు. అందుకని వాళ్ల గుంపులో బొక్కెన అడుగుతో ఎండ కొట్టి సైగ చేసుకునేవారు. రెండుసార్లు ఊడిస్తే ట్యాంకరు వెనక్కు వస్తోంది, ఆ పక్కకు తప్పుకో అని.

లక్ష్మక్క వెనక్కు తిరిగి చూడలేదు. గరిటె వదిలేసింది. కూర్చున్నది కూర్చున్నట్టే ఎడమకు జరిగి, ఆ పక్కనున్న ఒక గుండు చాటుకు పోయింది.

ఎలుగు బయటికి వచ్చింది. ట్యాంకరంత ఉంది, పొగగొట్టం ఒక్కటే తక్కువ. విస్తరి దగ్గర ఆగి, సంగటీ శెనక్కాయ ఊరిబిండి పచ్చడీ నాకేసి, గంప బోర్లా దొర్లించి, గుండు వైపు ముక్కెత్తి చాలాసేపు వాసన పట్టింది. చివరకు అది గుట్ట దిగి రేగిపొదల్లోకి పోయింది.

మేం దిగి వెళ్లేసరికి లక్ష్మక్క లేచి నిలబడి, "ఏమప్పో, కొండమీదికి గూడా ట్యాంకరు తెచ్చినావా?" అంది. వెనకే వచ్చిన హనుమక్క, "దీనికి నీళ్లు లేవు మే, ఉత్త యెంటికలే," అంది. సంగటి పోయినందుకు మహజరు, అదే పంచనామా, రాసి ఎలుగు వేలిముద్ర తీసుకుంటానన్నాను. రోడ్డు చేరేదాకా కడుపులు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాం.

ఆ ప్రయోగ నడకను విఫలమని రాశాను. దారిని సందులోంచి తీసేసి గుట్ట చుట్టూ తిప్పాం. దూరం పెరిగింది, రేంజరు గొణిగి సంతకం పెట్టాడు. ఆ తర్వాత నేను వేసిన ప్రతి దారికీ రెండు నియమాలు పెట్టాను. అడ్డంగా కంప కనబడితే, వేసిన మనిషి దొరికేదాకా అది తీయరాదు. ఎవరినీ ఒంటరిగా ముందు పంపరాదు, భోజనం ఆలస్యమైనా సరే. చేను పోయినంత మాత్రాన కంపకు పని పోదు. నేను నేర్చుకున్నది ఇంతే.

ఇక కల్పించింది ఏదో చెప్పాలి. ఎలుగు సైజు కాదు, అది పెంచినట్టు మీకు తెలిసే ఉంటుంది. నేను కల్పించింది ఆ నవ్వులు. ట్యాంకరు మాట లక్ష్మక్క అనలేదు, హనుమక్క బదులు చెప్పలేదు, నేను మహజరు ఊసెత్తలేదు. లక్ష్మక్క గుండు చాటునుంచి రాలేదు, నరసింహప్ప వెళ్లి లేపుకొచ్చాడు. "అది పోయిందా?" అని అడిగింది. పోయింది అన్నాం. నాలుగడుగులు వేసి మళ్లీ అడిగింది. కుంట దాటేటప్పుడూ అడిగింది, బీడు చేలల్లోనూ అడిగింది. ప్రతిసారీ హనుమక్కతో సహా ముగ్గురం పోయింది, పోయింది అంటూనే ఆమెను నడుమ పెట్టుకుని నడిచాం. అది ఏ పొదలో ఉందో మాలో ఎవరికీ తెలియదు.