లామినేషన్ చేయించిన గుండె

మచిలీపట్నంలో విలేకరిగా పనిచేస్తున్న రోజుల్లో గుండె మీద వ్యాసం కావాలని ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. గుండె గురించి అప్పటికి నాకు తెలిసింది సినిమా పాటల్లో ఉన్నంతే. ఊళ్లో గుండె డాక్టరు గారి దగ్గరకు వెళ్తే ఆయన ఒక ఈసీజీ పట్టీ చేతికిచ్చారు. తలకిందులుగా పట్టుకున్నాను.

"తిప్పండి సార్. మీ పేపరు కూడా ఇలాగే చదువుతారా?" అన్నారాయన.

అలా మొదలైంది చదువు. సాయంత్రం రోగులు వెళ్లిపోయాక కూర్చోబెట్టి చెప్పేవారు. ముందొక చిన్న గుట్ట, తర్వాత తాడిచెట్టులా నిటారుగా లేచే గీత, దాని వెనక ఇంకో గుట్ట. నాలుగు పాఠాలయ్యేసరికి బస్టాండు క్యాంటీన్లో ఎవరి చేతిలో ఆసుపత్రి కవరు కనిపించినా విప్పి చూడ్డం మొదలుపెట్టాను. ఊళ్లో అందరికీ ఈ పట్టీలు చదివే జబ్బుంది. "గీతలు బాగా లేచాయండీ, గట్టి గుండె" అని జాతకం చెప్పినట్టు చెప్పేవాళ్లు. నేను అదే తప్పును ఇంగ్లీషు మాటలతో చెప్పేవాణ్ని.

డాక్టరు గారికి అది తెలిసి, "ఒక్క పట్టీ చూసి తీర్పులివ్వకండి. పాతది పక్కన పెట్టి చూడండి. ఏది మారిందో అదే వార్త" అన్నారు.

ఆ మాట మా బావ విషయంలో పనికొస్తుందనుకున్నాను. మా అక్క భర్త ఆయన, అవనిగడ్డ అవతలి పల్లె. ఉప్పెనలో ఇంటి కాగితాలన్నీ కొట్టుకుపోయాక, ఊళ్లోకి లామినేషన్ మిషను రాగానే రేషన్ కార్డు నుంచి శుభలేఖ దాకా దేన్నీ ఆయన లామినేషన్ చేయించకుండా వదిలిపెట్టలేదు. ఒకరోజు ఛాతీలో నొప్పంటే అక్క కారు మాట్లాడి తీసుకొచ్చింది. ఈసీజీ తీశారు. వెనక గుట్టలు బోర్లా పడి ఉన్నాయి. అంతవరకు నాకూ కనిపించింది.

"ఇవి పాతవే అయితే ఇక్కడే ఉంచి చూస్తాను. కొత్తవైతే బెజవాడ పంపాలి. పాత ఈసీజీ ఉందా?" అన్నారు డాక్టరు గారు.

"గుడివాడలో తీయించిందుందండీ" అని బావ మంచం మీద నుంచే సంచి చూపించాడు. అక్క తీసిచ్చింది. దళసరి ప్లాస్టిక్ మధ్య పలకంత నల్లగా ఉంది. ఒక్క గీత లేదు.

"వేడి తగిలితే నల్లబడే కాగితమండీ ఇది, లామినేషన్ మిషనంతా వేడే. నల్లబడ్డం మీరు చూళ్లేదా?"

"చూశానండీ. ఎక్స్‌రే కూడా నల్లగానే ఉంటుంది కదా, మీ మిషన్లో పెడితే కనపడుద్దేమో అనుకున్నా."

"నా పెళ్లిచీరనైనా ఇంత భద్రంగా దాచలేదండీ ఈయన" అంది అక్క. నవ్వలేదు.

పాతది లేదు కనక ఈ గుట్టలు కొత్తవనే అనుకోవాలి. అంబులెన్సు పామర్రు దాటేదాకా అక్క ఆయన చెయ్యి వదల్లేదు. నేను ముందు సీట్లో కూర్చుని, నేర్చుకున్న చదువంతా ఒళ్లో పెట్టుకుని ఆ నల్ల పలక వంక చూస్తున్నాను.

బెజవాడలో రక్తపరీక్షలు చేసి, మళ్లీ మళ్లీ పట్టీలు తీసి చూశారు. ఏదీ మారలేదు. గుండెపోటు కాదు, ఆ గుట్టలు ఎప్పటివో అన్నారు. ఇంటికి పంపేటప్పుడు కొత్త పట్టీ ఇస్తే దగ్గరుండి జిరాక్సు తీయించాను. బావ ఆ జిరాక్సుకి లామినేషన్ చేయించాడు. ఈసారి గీతలు నిలిచాయి.

నల్లది మాత్రం పారేయనివ్వలేదు.

"అదెందుకు బావా ఇంకా?"

"ఉండనీరా. గుడివాడ డాక్టరు సంతకం ఉంది లోపల."