ఏడో చింతగింజ

మా బావ గట్టయ్యకు లెక్కలంటే పిచ్చి. నా పెనిమిటి సదయ్యకు తోడబుట్టిన అన్న. గోదావరిఖనిల బొగ్గుబాయి మీద లాంపు రూముల డ్యూటీ. దిగేటోళ్లకు దీపాలిచ్చుడు, ఎక్కినంక తీసుకొని కొక్కేలకు తగిలిచ్చుడు. చదివింది రెండో తరగతే. కని, పన్నెండు దీపాలైతే వరుసలు సమంగ వస్తయ్, పదమూడైతే సచ్చినా రావు అని ఆయనంతట ఆయనే కనిపెట్టిండు. గసొంటియి మొండి అంకెలట. ఐదు, ఏడు, పదకొండు అన్నీ మొండియే. బువ్వకు కూసున్నా చింతగింజలు పరిచి, ఐదు గింజల్ని ఏడు తీర్ల కుప్పలు పెట్టొచ్చని చూపిచ్చేటోడు. నాకు నోరెక్కువ. పనేం లేదా బావా అని నవ్వేదాన్ని.

అరవై తొమ్మిదిల వానకాలం. ఆనాడు మా ఆయనకు ఆలస్యమైంది. షిఫ్టు సైరను కూత పడ్డంక లాంపు రూము కిటికీ మూస్తరు. దీపం లేనోడు బాయిల దిగొద్దు. బావ ఆ రూలు ఎవ్వలికోసం తప్పలే. తమ్ముని మొఖం చూసి ఆనాడు కిటికీ తెరిచిండు.

లోపల పనికి పెట్టే సర్దారు అప్పటికే ఆరుగుర్ని ఇద్దరిద్దరు చొప్పున మూడు జాగలకు పంచిండట. ఏడోవాడు మా ఆయన వచ్చిండు. ఏ జతల కలిపినా పని సమంగ రాదని, దూరం జాగకు ఒక్కన్నే తోలిండట. ఆడ కప్పు కూలింది. ఒక్కడే ఉండె, కూలిందని చెప్పేటోడు లేడు. షిఫ్టు అయిపోయినంక ఒక కొక్కెం ఖాళీగ ఉన్నదని బావే ముందుగాల చూసిండు.

దినాలైనంక బావ వచ్చి నా ముందట ఏడు గింజలు పోసిండు.

"ఏడుగుర్ని పదిహేను తీర్ల పంచొచ్చు బిడ్డా. అండ్ల నాలుగు తీర్ల ఎవ్వడూ ఒంటిగ ఉండడు."

గింజలు జరుపుకుంట చూపిచ్చిండు. ఏడూ ఒక్కకాడ. ఐదు, రెండు. నాలుగు, మూడు. మూడు, రెండు, రెండు. దీపమిచ్చిన పాపానికి నాతోని తిట్టిచ్చుకోను వచ్చిండని నాకప్పుడు ఎరుక కాలే. తప్పు సర్దారు మీదికి నూకుతుండనుకున్న. ఒళ్లు మండింది. ఒక గింజ తీసి పిడికిట్ల పట్టుకున్న.

"ఇప్పుడు ఆరే ఉన్నయ్ బావా. పంచు."

ఆయన చెయ్యి గింజల మీదికి రాలే. ఆరు గింజలు ఆడనే ఇడిచి లేచిపోయిండు. లాంపు రూము వద్దని చెప్పి, బాయి మీద ఊడ్చే పని అడుక్కున్నడు. ఎనిమిదేండ్లు బతికిండు. మళ్ల ఎవ్వలకూ లెక్క చెప్పలే.

ఆ గింజ నా పెట్టెల ఇంకా ఉన్నది.

ఆనాడు కూత ఇనంగనే మా ఆయన ఇయ్యాల పోనని చెప్పులు విడిచిండు. మీ అన్ననే కదా కిటికీల, ఇస్తడు పో అని తోలింది నేను. బావ పాణం పోయేదాక ఆ మాట ఆయనకు చెప్పలేకపోయిన.