మలుపు దగ్గర దిగను

ఆ రోజుల్లో పెళ్లి సంబంధాల కోసం తీయించిన నా ఫొటోలన్నీ మెడ దాకే ఉంటాయి. మా బాపు నన్ను వెంటబెట్టుకుని గోదావరిఖని చౌరస్తా దగ్గరి స్టూడియోకి పోయేవాడు. ఫొటోలు తీసే ఆయన్ని పక్కకి పిలిచి చెవిలో ఏదో చెప్పేవాడు. ఆయన నన్నోసారి ఎగాదిగా చూసి, అర్థమైందన్నట్టు తలూపి, కెమెరాని ఇంకాస్త ముందుకి జరిపేవాడు. నా ముఖం బాగుంటుంది. ఇది నా సొంత అభిప్రాయం కాదు, చూసినవాళ్లందరూ అన్నదే. "పిల్ల ముఖంల కళ ఉన్నది" అని మొదలుపెట్టి, ఓ నిట్టూర్పు విడిచి, నన్ను కన్న మా అవ్వ వైపు జాలిగా చూసేవాళ్లు. ఆ నిట్టూర్పు మెడ కింది భాగం గురించి.

నేను లావుగా ఉంటాను. చిన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. బొద్దుగా అనో, పుష్టిగా అనో మాట నాజూకు చేసి చెప్పడం నాకు రాదు. తొంభైల మొదట్లో డిగ్రీ పూర్తిచేసి మా కాలనీ పక్కనే ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. తెలుగు చెప్పేవాళ్లం ఇద్దరం ఉండేవాళ్లం. పిల్లలు మమ్మల్ని లావు టీచర్, సన్న టీచర్ అనుకునేవాళ్లు. నాకు కోపం వచ్చేది కాదు. పిల్లలు ఉన్నమాట అనేసి మర్చిపోయి, వచ్చి చెయ్యి పట్టుకుంటారు. పెద్దవాళ్లతోనే చావు. వాళ్లు పొద్దున నిమ్మకాయ నీళ్లు తాగమంటారు, రాత్రి అన్నం మానమంటారు, మరుసటి నెల కనిపించి "ఏం తగ్గలేదు గదనే" అని లెక్క అడుగుతారు. ఒకసారి వాళ్ల మాట విని అన్నం మానేస్తే, క్లాసులో ఛందస్సు చెబుతూ బోర్డు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి రెండు పూటలదీ కలిపి తిన్నాను.

నన్ను తగ్గమనని మనిషి ఒక్క ఖాలానే. మా పక్క క్వార్టర్లో ఉండే ముస్లిం ఆవిడ, ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. వాళ్లాయన మా బాపుతో పాటే బాయిలో పనిచేసేవాడు. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. ఖాలా ఇంట్లో కూర్చుని మిషను కుట్టేది. అంతకుముందు నేను పోయే బజారు దర్జీ నా కొలతలు గట్టిగా అరిచి చెప్పేవాడు, షాపులో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూసేవాళ్లు. ఖాలా అలా కాదు. టేపు చుట్టి, పెదాల్లోనే గొణుక్కుని, ఒక ముక్క కాగితం మీద గీసుకునేది. ఒకసారి నేనే సిగ్గుపడి, వచ్చే పండక్కి తగ్గుతాను ఖాలా, కొంచెం బిగువుగానే కుట్టు అన్నాను. ఆమె నోట్లోని సూది తీసి నన్ను చూసింది.

"నువ్వెందుకు తగ్గాలె బేటీ? బట్ట ఇంకో జానెడు ఎక్కువ తెచ్చుకో, అయిపాయె."

ఆమె కుట్టిన జాకెట్లు తొడుక్కుంటే నాకు ఊపిరి ఆడేది. ఆ సుఖం ఎలాంటిదో సన్నగా ఉన్నవాళ్లకి చెప్పినా తెలియదు.

అలా ఉండగా శ్రీరాంపూర్ వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి అక్కడి బాయిలో నీళ్లు తోడే పంపు దగ్గర పని చేస్తాడు, తండ్రి లేడు, తల్లితో ఉంటాడు. నా మెడ దాకా ఫొటో చూసి ఇష్టపడ్డారు. వచ్చే బుధవారం డ్యూటీ లేని పూట వస్తామని కబురు పంపారు. ఆదివారం డ్యూటీ చేస్తే జీతం రెట్టింపు, దాన్ని ఏ బాయి మనిషీ పిల్లను చూడ్డానికి వదులుకోడు.

మా బాపు, అవ్వ కలిసి ఒక పథకం వేశారు. వాళ్లు వచ్చేసరికే నన్ను లోపలి గదిలో చాప మీద కూర్చోబెట్టాలి. ముదురు నీలం చీర కట్టాలి. లైటు నా వెనక ఉండాలి. నేను నిలబడకూడదు, నడవకూడదు, చాయ్ అవ్వే తెస్తుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ముస్తాబు చేసి అమ్ముడుపోని సరుకుని అంటగట్టినట్టు ఉంది ఈ పని అన్నాను. బాపు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆయనకి మోసం చేసే గుణం లేదు, నేను ఒంటరిగా మిగిలిపోతానన్న భయమే. ఆ భయం మీద నాకు ప్రేమే తప్ప కోపం నిలిచేది కాదు. సరే అన్నాను.

అయితే వాళ్లొచ్చే వేళ లెక్కగట్టింది బాపు. బాయిల్లో షిఫ్టు వారం వారం మారుతుంది. ఈ వారం అబ్బాయికి రాత్రి షిఫ్టు అని తెలిసింది. బాపు బాయిలో రాత్రి షిఫ్టు వారం కాగానే మొదటి షిఫ్టు వారం వస్తుంది. అంటే బుధవారం అబ్బాయి పొద్దంతా డ్యూటీలో ఉండి, పొద్దుగూకే వేళకి వస్తాడు. లైటు ఎక్కడ పెట్టాలో కూడా అందుకే ఆలోచించారు. వాళ్ల బాయిలో వరస తిరగబడి ఉంటుందని, రాత్రి షిఫ్టు తర్వాత మధ్యాహ్నం మొదలయ్యే రెండో షిఫ్టు వస్తుందని, జీవితమంతా బొగ్గు తవ్విన మా బాపుకి తట్టనే లేదు. భూమ్మీది బాయిలన్నీ తన బాయి లాగే తిరుగుతాయని ఆయన నమ్మకం.

బుధవారం పొద్దున బాపు నిశ్చింతగా డ్యూటీకి పోయాడు. నేను బడికి సెలవు పెట్టి, పాత నైటీ మీద తువ్వాలు వేసుకుని, క్వార్టర్ ముందు కూర్చుని పొయ్యిలోకి బొగ్గు పెళ్లలు పగలగొడుతున్నాను. మోపెడ్ మీద ఒకతను, వెనక ఒక పెద్దామె వచ్చి ఆగారు. అతను బాపు పేరు చెప్పి ఇల్లు ఇదేనా అన్నాడు.

"ఇదే. బాపు డ్యూటీల ఉన్నడు. ఏం పని?" అన్నాను సుత్తి ఆపకుండానే.

"పిల్లను చూసుటానికి వచ్చినం."

లోపలికి పరిగెత్తుదామంటే పరిగెత్తడం నాకు చేతకాదు. చేతులు మోచేతుల దాకా నలుపు. మరి నాకేం తెగింపు వచ్చిందో, లేచి నిండుగా నిలబడ్డాను.

"నేనే పిల్లను. చూసుడు అయిపాయె. చాయ్ తాగి పోండ్రి" అన్నాను.

అతను పకపకా నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదది, ఎగతాళి నవ్వులు నాకు బాగా తెలుసు. లోపలినుంచి మా అవ్వ వచ్చి, చూసి, నోట్లో కొంగు కుక్కుకుంది. గోడ అవతలినుంచి ఖాలా కుర్చీలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. వాళ్లమ్మ కూర్చుని నన్ను పైనుంచి కిందికి చూసి, "పిల్ల జర లావున్నది" అంది. జర కాదు పెద్దమ్మా, బాగనే ఉన్న అన్నాను. ఆలోచించి కబురు చేస్తామని లేచారు. మా వైపు ఆ మాటకి వద్దు అని అర్థం. సాయంత్రం బాపు కొత్త చొక్కా వేసుకుని గుమ్మంలో ఎదురుచూడ్డానికి కూర్చుంటే, జరిగింది చెప్పలేక అవ్వా నేనూ నవ్వీ నవ్వీ చచ్చాం.

మరుసటి వారం అతనికి మొదటి షిఫ్టు. డ్యూటీ దిగి, స్నానం చేసి, గోదావరి దాటి, అంత దూరం ఆ మోపెడ్ మీద మా బడి ముందుకొచ్చి నిలబడ్డాడు. మిర్చి బజ్జీ తిందామా అని అడిగాడు. మగవాళ్ల ముందు తక్కువ తినడం నాకు అలవాటు. ఆ రోజు మాత్రం అతను ప్లేటు నా వైపు తోస్తుంటే కడుపునిండా తిన్నాను. నేను తినడం చూసి అతనికి సంతోషం వేసినట్టుంది. నాకు అతనంటే ఇష్టం కలిగింది. దాచుకోవడానికేముంది, మస్తుగా కలిగింది.

అప్పటినుంచి మా ప్రేమ షిఫ్టుల వారీగా నడిచింది. మొదటి షిఫ్టు వారం సాయంత్రాలు కలిసేవాళ్లం. రెండో షిఫ్టు వారం ముఖాలే చూసుకునేవాళ్లం కాదు. రాత్రి షిఫ్టు వారం వచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూనే కునుకు తీసేవాడు. ఇంట్లో తెలుసు, తెలియనట్టు ఉండేవాళ్లు. కొన్నాళ్లకి వాళ్లమ్మ మెత్తబడి, పిల్లను ఓసారి ఇంటికి తీసుకురా అందట. మోపెడ్ మీద తీసుకుపోయాడు. వాళ్ల కాలనీ గేటు ఇంకాస్త దూరం ఉందనగా, నీళ్ల ట్యాంకు పక్కన మలుపులో ఆపాడు.

"నువ్వు గీడ దిగు. నడుసుకుంట రా, నేను ముందుగాల పోత."

పెళ్లి కాని జంట కదా, నలుగురి నోళ్లలో పడకూడదని నా మర్యాద కాపాడుతున్నాడనుకున్నాను. ముచ్చటేసింది కూడా. ఎండలో నడిచి వెళ్లాను. వాళ్లమ్మ మంచిగానే మాట్లాడింది. రెండోసారీ అంతే, మలుపులో దిగి నడిచాను. మూడోసారి అతను నన్ను తీసుకుపోవడానికి రాలేనంటే నేనే బస్సు దిగి నడుస్తున్నాను. నా పక్కనుంచి అతను మోపెడ్ మీద పోయాడు. వెనక, వాళ్లింట్లో నేను చూసిన వాళ్ల మేనమామ కూతురు కూర్చుని ఉంది. పెళ్లి కాని పిల్లే, చువ్వలా ఉంటుంది. మలుపు దగ్గర బండి ఆగలేదు. గేటులోంచి, అందరి ముందునుంచి, ఇంటి దాకా పోయింది.

నేను అక్కడే నిలబడిపోయాను. కాపాడుతున్నది నా మర్యాద కాదని అర్థమైంది. వెనక్కి తిరిగి బస్సెక్కాను. గోదావరి వంతెన వచ్చేదాకా ఏడ్చాను. ఫొటోలో మెడ కింద నన్ను కోసేసింది మా బాపు, భయంతో. ఇతను నన్ను మొత్తంగా చూసి, నవ్వి, ఇష్టపడి, ఆ తర్వాత దాచాడు. అదే నన్ను ఎక్కువ నొప్పించింది.

అతను బడి దగ్గరికి వస్తే సూటిగా అడిగేశాను. తల దించుకున్నాడు.

"దోస్తులు మాటలంటరు. ఆ టైముకు అందరు గేటు కాడనే ఉంటరు. నాకు సిగ్గయితది."

"నువ్వు సిగ్గుపడుకుంట నాతో ఉండుడు నాకొద్దు. నేను ఇంట్ల కూసుంటగని, మలుపు కాడ దిగ. ఇంకోసారి దింపాలనుకుంటే రాకు."

అతను వెళ్లిపోయాడు. రెండు మూడు వారాలు అతని జాడ లేదు. ఇంత ఇష్టపడిన మనిషిని అలా పంపినందుకు నా మీద నాకే కోపం వచ్చేది, మళ్లీ కాసేపటికి మంచిపనే చేశాననిపించేది. ఖాలాకి అంతా చెప్పుకుని ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరి, "ఫికర్ చెయ్యకు. వస్తే మంచిగొస్తడు, లేకుంటే రాడు" అంది. బాపు బజారు నుంచి నాకిష్టమైన జిలేబీ తెచ్చి నా పక్కన కూర్చున్నాడు.

ఒక శనివారం బడికి సెలవు. మధ్యాహ్నం మోపెడ్ చప్పుడైంది. అతనికి ఆ వారం రాత్రి షిఫ్టు, నిద్రపోవాల్సిన వేళ. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గుమ్మంలో నిలబడి, బాపుతోనే అడిగాడు, మా ఇంటికి తోల్కపోత మామా అని. బాపు నా వైపు చూశాడు. నేను చెప్పులేసుకున్నాను.

నీళ్ల ట్యాంకు కనిపించగానే, మలుపులో బండి ఆగితే దిగి, ఆ బస్సే ఎక్కి, ఈ మనిషిని మర్చిపోవాలని గట్టిగా అనుకున్నాను. ఆగలేదు. మలుపు దాటింది. అప్పుడే మొదటి షిఫ్టు దిగిన వాళ్లు సైకిళ్ల మీద, నడుచుకుంటూ గేటు నిండా ఉన్నారు. ఆ వేళ చూసుకునే అతను బయల్దేరాడని అప్పుడు తెలిసింది. జనం అడ్డం రావడంతో, సరిగ్గా గేటు మధ్యలో మోపెడ్ ఆగిపోయింది.

అది పెడల్ తొక్కి స్టార్ట్ చేయాల్సిన బండి. వెనకున్నవాళ్లు దిగితేనే సులువు. అలవాటు కొద్దీ నేను కాలు కింద పెట్టబోయాను.

"దిగకు, కూసో" అన్నాడు.

సీటు మీదనుంచి లేచి, పెడల్ మీద నిలబడి తొక్కసాగాడు. చెవులు దానిమ్మ గింజల్లా ఎర్రబడ్డాయి. సిగ్గు పోలేదతనికి, నాకు కనిపిస్తూనే ఉంది. ఎవరో ఈల వేశారు. "పైలం రో, బండి ఇరుగుతది!" అని ఒకడు అరిచాడు. అందరూ నవ్వారు. అతను వెనక్కి తిరక్కుండా, రొప్పుకుంటూ, గేటంతా వినపడేలా అన్నాడు:

"బండి పాతదిరా! పిల్ల మంచిగనే ఉన్నది! నేను చేసుకోబోయే పిల్ల!"

ఇంజను అందుకుంది. నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. వాళ్లిల్లు చివరి వరసలో ఉంది. అన్ని క్వార్టర్ల ముందునుంచీ మెల్లగా పోనిచ్చి, వాళ్లమ్మ నిలబడ్డ గుమ్మం ముందు ఆపాడు.

అప్పుడు దిగాను.