తంబూరా వినిపించని రేడియో

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను గిద్దలూరు తపాలాఫీసులో టెలిగ్రాములు అందుకునే తంతి గుమాస్తాగా ఉండేవాణ్ణి. యంత్రం కొట్టే టకటకలను చెవితో విని అక్షరాలుగా రాసుకోవడం నా పని. పెళ్ళయిన రెండో ఏట ఒక బ్యాటరీ రేడియో కొన్నాము. సాయంత్రం విజయవాడ నుంచి వచ్చే కచేరీ వినడం నాకూ నా భార్యకూ ఉన్న ఒకే విలాసం.

ఆ ఎండాకాలం రేడియో మసకబారినట్టయింది. పాట వినబడేది గాని వెనక తంబూరా వినబడేది కాదు. ఫిడేలు పైస్థాయికి పోతే గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టుండేది.

ఏరియల్ తీగను ఎదురింటి మిద్దె దాకా లాగించాను. ఎర్తు తీగను మట్టిలో పాతి రోజూ నీళ్ళు పోశాను. బల్ల అదురుతోందేమోనని మార్కాపురం నుంచి మందపాటి పలకరాయి తెప్పించి రేడియో కింద పెట్టాను. బ్యాటరీ మార్చాను. ప్రతిసారీ కాస్త మెరుగైనట్టే ఉండి, మర్నాటికి మళ్ళీ మామూలే.

"ఇప్పుడెట్లుంది?" అని నా భార్యను అడిగేవాణ్ణి.

"బాగుంది. నిన్న గూడా బాగానే ఉన్నింది గదా," అనేది.

ఆ జవాబు వింటే నాకు కోపం వచ్చేది. ఎందుకొచ్చేదో ఆలోచించడానికి మనసొప్పేది కాదు.

చివరికి మార్కాపురం నుంచి రేడియోలు బాగుచేసే అతన్ని పిలిపించాను. అతను కాసేపు తిప్పి తిప్పి విన్నాడు.

"దీంట్లో ఏ లోపమూ లేదన్నా. తంబూరా గూడా గణగణమంటా ఉంది, నీకు ఇనపడలేదా?"

అతను పోయాక స్పీకరుకు కుడిచెవి ఆనించాను. తర్వాత ఎడమచెవి. కుడిచెవికి అందని తంబూరా ఎడమచెవికి వినబడింది. నేను ఎప్పుడూ రేడియోను కుడిపక్కన పెట్టుకునే వినేవాణ్ణి.

మర్నాటి నుంచి ఆఫీసులో కూర్చోవాలంటే భయం. వస్తున్నామన్నారో, రావడం లేదన్నారో తేల్చుకోలేక ఒక తంతిని మళ్ళీ కొట్టమని అడిగాను. అటువైపు మనిషి ఏమనుకున్నాడోనని సాయంత్రం దాకా అదే ఆలోచన. ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు.

నా భార్యే పట్టుకుంది. "ఏంది దాస్తా ఉండారు? ఈ పక్కన కూచోని మూడుమాట్లు పిలిచినా పలకలేదు. ఆ పక్కకి వస్తే పలికినారు."

"చెవి పోయిందంటే ఉద్యోగం పోతుంది," అన్నాను.

"దాస్తే పోకుండా ఉంటాదా? కర్నూలు పోయి చూపిచ్చుకుందాం పాండి."

రైల్లో నంద్యాల పోయి, అక్కడ బస్సెక్కాము. కర్నూలు డాక్టరు మోగే ఇనపకడ్డీని రెండు చెవుల దగ్గరా పెట్టి చూశాడు. కుడిచెవి నరం దెబ్బతిన్నదనీ, దానికి మందు లేదనీ, ఎడమది నిక్షేపంగా ఉందనీ చెప్పాడు.

తిరిగొచ్చి మా పోస్టుమాస్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దాయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "యంత్రాన్ని ఎడమ పక్కకి జరుపుకో నాయనా. తప్పు రానీయకుండా చూసుకో. వస్తే నేను అడ్డం పడలేను," అన్నాడు.

అట్లా ఆ ఉద్యోగం నిలిచింది. దానితోపాటు భయమూ నిలిచే ఉంది. జలుబు చేసిన రోజు పొద్దున్నే ఎడమచెవి దగ్గర వేళ్ళు రాపాడించి, ఆ గరగర వినబడ్డాకనే చొక్కా తొడుక్కునేవాణ్ణి.