నల్లబడని మూల

చెక్కకు పట్టించే స్టెయిన్ రంగు డబ్బా మూత తీయగానే వచ్చే ఆ ఘాటులో నేను ఇప్పటికీ నువ్వుల నూనె వాసన వెతుకుతాను. నిన్న కొండాపూర్‌లో ఒక ఫ్లాట్‌లో చెక్క నేలకు నల్లరంగు వేయించబోతూ, ముందు ఈశాన్యం మూలకు వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి నేలను వాసన చూశాను. పాలిష్ మేస్త్రీ తన మనిషి వంక చూసి నవ్వు ఆపుకున్నాడు. నవ్వుకోనీ. ఈ అనుమానపు జబ్బు నాకు అనసూయ మేడం అంటించింది.

మేడంది చందానగర్. హైవే పక్కన వాళ్ళ నాన్నగారి కలప అడితి ఉన్న చోటే ఇంటీరియర్స్ ఆఫీసు పెట్టుకున్నారు. నేను తణుకు నుంచి వచ్చి, మియాపూర్‌లో హాస్టల్లో ఉంటూ ఆవిడ దగ్గర పనిలో చేరాను. తాడు కనిపిస్తే ముందు పామేమోనని చూసే మనిషి ఆవిడ. రంగు ఆరిందని మేస్త్రీ చెబితే తెల్లగుడ్డతో రుద్ది చూసేవారు. లీకు లేదని ప్లంబర్ చెబితే గోడకు చెంప ఆనించి చూసేవారు. మొదట్లో నాకది చాదస్తంగా అనిపించేది. తర్వాత నా మీదికే వచ్చింది.

నాకు ఒంటరిగా అప్పజెప్పిన మొదటి పని, హైటెక్ సిటీ దగ్గర ఒక టవర్‌లో శ్రీకాంత్ గారి ఫ్లాట్. "నేల కాటుకలా ఉండాలండి, ఎక్కడా బ్రౌన్ కనపడకూడదు" అన్నారాయన. అంత నలుపు ఊరికే రాదు. చెక్కను మరీ నున్నగా రుద్దితే రంగు పీల్చదు. కాస్త గరుకుగా ఉండగానే ఆపి, తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే నార పైకి లేస్తుంది. అప్పుడు స్టెయిన్ పట్టించి, మిగిలింది తుడిచేసి, ఆరాక మరో పూత వేయాలి. అన్నీ మేడం నేర్పినట్టే చేయించాను. హాలంతా చిక్కటి నలుపు తిరిగింది. ఈశాన్యం మూలలో మాత్రం చాపంత మేర పాలిపోయి మచ్చలుగా మిగిలింది. ఇంకో పూత వేసినా అంతే. గృహప్రవేశం ముంచుకొస్తోంది.

శ్రీకాంత్ గారు వాళ్ళమ్మగారితో కలిసి చూడటానికి వచ్చారు. మూల దగ్గర ఆగిపోయారు. "ఇక్కడ వేరే చెక్క వేశారా? నిజం చెప్పండి, మంచి పలకలు ఎటు పోయాయి?" అని నన్నే అడిగారు. మేస్త్రీ చెక్కదే తప్పన్నాడు. వాడే స్టెయిన్‌లో థిన్నర్ ఎక్కువ కలిపి పలచన చేశాడని నా అనుమానం. ఒకరి మొహం ఒకరం దొంగల్ని చూసినట్టు చూసుకున్నాం. కబురందుకుని వచ్చిన మేడం నన్ను పక్కకు తీసుకెళ్ళారు.

"పలకలు నువ్వేమన్న మార్చినవా సుధా? మార్చుంటే ఇప్పుడే చెప్పు."

నాకు కడుపు మండిపోయింది. "మీరు కూడా నన్ను అలా అడుగుతారా మేడం?"

"అందర్ని అడుగుత. నిన్ను వదిలిపెడితే వాళ్ళను అడగనీకి నాకు మొఖమేది?"

మేస్త్రీ చేత ఆ మూలనూ, పక్క పలకనూ కాస్త రుద్దించి, రెండింటి మీదా నీళ్ళు చిలకరించారు. పక్క పలక నీళ్ళు పీల్చుకుంది. మూలలో నీళ్ళు చేమాకు మీద నిలిచినట్టు నిలిచాయి. మేడం వంగి వాసన చూసి లేచారు. శ్రీకాంత్ గారు ఫోన్ మాట్లాడుతూ లిఫ్టు వైపు వెళ్ళేదాకా ఆగి, బాల్కనీలో కూర్చున్న పెద్దావిడ దగ్గరికి నడిచారు.

"నూనె ఒలికిందామ్మా, మీరే ఒలకబోసిన్రా?"

పెద్దావిడ మొహం పాలిపోయింది. "పోయడమేంటమ్మా. కట్టిన ఇల్లు చీకటిగా ఉంచకూడదని, శుక్రవారం శుక్రవారం వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకుని దీపం పెడుతున్నాను. రంగు వేయకముందు ఒక శుక్రవారం కాలు తగిలి ప్రమిద పడింది. కొంగుతో తుడిచేశాను. నల్ల నేల వద్దని మావాడితో పోట్లాడింది కూడా నేనే. ఇప్పుడు కావాలనే పోశానంటాడు. రేపటినుంచి ఈ ఇంట్లో ఉండాల్సినదాన్నమ్మా."

నిజం చెబుతోందో, కట్టుకథ అల్లుతోందో నాకు అంతుపట్టలేదు. ఈలోగా శ్రీకాంత్ గారు వెనక్కి వచ్చారు. నేను నోరు తెరవబోయాను. మేడం నాకన్నా ముందే అందుకున్నారు.

"తప్పు మా దిక్కే ఉంది సార్. మూలల మా పిల్ల జర ఎక్కువ నున్నగ రుద్దిపిచ్చింది. అందుకే రంగు పట్టలే. మళ్ళ చేసిస్తం."

"దగ్గరుండి చూసుకోవాలి కదండీ" అన్నారాయన నాతో. పెద్దావిడ తల వంచుకుంది. నాకు ఏడుపొచ్చింది.

లిఫ్టులో దిగుతూ అడిగేశాను. "నా పేరు పోయింది కదా మేడం?"

"పోయింది. నీకు ఇంక శాన ఇండ్లున్నయ్, ఏదో ఒక ఇంట్ల బాగైతది. ఆమెకు ఉన్నది గా ఒక్క ఇల్లే."

"అంటే, ఆవిడ చెప్పింది నమ్మారా?"

"లే" అన్నారు మేడం. "నమ్మినోళ్ళనే కాపాడాల్నా ఏంది?"

నూనె పోయేదాకా థిన్నర్‌తో కడిగించి, రుద్దించి, మళ్ళీ రంగు వేయించాం. ఆ మూల కూడా కాటుకలా నల్లబడింది. శ్రీకాంత్ గారు మాత్రం ఆ తర్వాత ఎవరికీ నా పేరు చెప్పలేదు. మేడం పోయి చాలా కాలమైంది. ఆ రోజు మీది కోపం నాకు పూర్తిగా పోలేదు, ఆవిడ మీద ప్రేమా పోలేదు.

నిన్న మూలలో నూనె వాసనేమీ రాలేదు. అయినా వచ్చేముందు అక్కడ ప్రమిద పట్టేంత ఇత్తడి పళ్ళెం ఒకటి పెట్టాను. ఎందుకని మేస్త్రీ అడిగాడు. ఈ ఇంట్లో పెద్దావిడ ఉందేమోనని అనుమానంగా ఉంది అన్నాను.