విభూతితో తోమిన రూపాయి

సంజీవమ్మ కంట మకిలి పడిందంటే దానికి ఆ పూటతో నూకలు చెల్లినట్టే. రాయచోటి పక్క పల్లె నుంచి కువైట్‌లోని సాల్మియాకు ఇంటిపనికి వచ్చి, ఒకే ఇంట్లో పాతుకుపోయిన మనిషి. ఆ ఇంటి మనవడు ఫహద్‌ను చంకనేసుకుని పెంచింది కూడా ఈమే. ఇంటి పెద్దావిడను ‘మామా’ అంటుంది. మామా బీరువా తాళాలు ఈమె చేతికే ఇచ్చేసింది. ఇక పట్టేవాళ్లెవరు!

రంజాన్ పండక్కి బీరువా దులుపుతుంటే చిన్న పెట్టెలో ఒక వెండి రూపాయి కనబడింది. కువైట్‌లో మన రూపాయే చెల్లిన రోజుల్లో మామా తండ్రి దాచుకున్నది. బొగ్గులా నల్లబడిపోయింది. వెండి నల్లబడితే మన ఆడవాళ్లు ఏం చేస్తారు? విభూతి పెట్టి తోముతారు. సంజీవమ్మా అదే చేసింది. తళతళలాడేదాకా తోమి, మళ్లీ పెట్టెలో పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. గిన్నె తోమి ఊరంతా చాటుకుంటామా ఏమన్నా?

పండగ వెళ్లాక ఫహద్ ఆ రూపాయిని అమ్ముదామని పెట్టె తెరిచాడు. అంతకుముందే నల్లగా ఉన్నప్పుడు ఫోటో తీసి పెట్టుకున్నాడు.

“మాది నల్లది. ఇది వేరే. అసలుది తీసేసి దీన్ని పెట్టావు,” అన్నాడు.

అన్నం కలిపి నోట్లో పెట్టిన పిల్లాడే దొంగ అనేసరికి సంజీవమ్మ అతని కళ్లలోకి సూటిగా చూసింది.

“విభూతితో తోమినా నాయనా, అంతే. నమ్మకపోతే పద, తెలిసినోళ్లకు చూపిద్దాం. మామా, నువ్వూ రా,” అని అందరికంటే ముందు చెప్పులేసుకుంది.

ముబారకియా బజారులో పాత నాణేల దుకాణం చూసుకునేది కడప అన్వర్ బాషా. సంజీవమ్మ యాస వినగానే మనవైపు మనిషని తెలుసుకుని ఆమెతో తెలుగులోనే మాట్లాడాడు. రూపాయిని తూచాడు, అంచు చూశాడు, భూతద్దం పెట్టాడు.

“పంతొమ్మిదివందల పదకొండుది అక్కా. దీనిమీద రాజు అంగీ పైన ఏనుగు బొమ్మ పంది మాదిరి ఉందని జనం గోల చేస్తే అచ్చు మార్చేసినారు. శానా అరుదు. అసలైందే.”

తర్వాత అన్వర్ బాషా ఫహద్ ఫోన్లోని ఫోటోను పెద్దది చేసి పక్కన పెట్టుకున్నాడు. రాజు చెవి వెనక గీత, అంచున నొక్కు, రెంటిలోనూ ఒకే చోట ఉన్నాయి.

“అదే రూపాయి, మారలేదు. కానీ అక్కా, ఆ నలుపే దీని వయసు. కొనేవాళ్లు దానికే విలువ కడతారు. నువ్వు తోమి సగం ధర పోగొట్టినావు. ఈ మాట చెప్తే నీమీద పడతారేమో. ఏం చెప్పమంటావు?”

సంజీవమ్మ ఒక్క క్షణం మామా వైపు చూసింది.

“ధర పోయిందనీ చెప్పు, దొంగను కాననీ చెప్పు. ముందు రెండోది చెప్పు.”

అన్వర్ బాషా దుకాణమంతా వినేటట్టు అరబ్బీలో చెప్పాడు. ధర సంగతి వచ్చేసరికి మామా చేత్తోనే ఖలాస్, ఇక చాలు అన్నట్టు ఆపేసి, మనవడి వైపు తిరిగింది.

ఫహద్ తల దించుకున్నాడు. “సంజూ, తప్పయింది,” అన్నాడు.

అప్పటిదాకా రాయిలా నిలబడ్డ సంజీవమ్మ, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.